షుగర్ వస్తే తప్పంతా ఆ మనిషిదేనా? పలమనేరు తమ్ముడు అడిగినదానికి నా జవాబు

తమ్ముడూ, నువ్వడిగింది ముందు క్లుప్తంగా రాస్తా, చదివే మిగతావాళ్ళకి కూడా అర్థమవుతుంది. మీ నాయనకి 54 ఏళ్ళు, పలమనేరు దగ్గర పల్లె, పాల వ్యాన్ నడుపుతాడు, తెల్లారుజామున 3 గంటలకే లేచి పోతాడు. మొన్న రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 9.2 వచ్చింది. చూపించిన చోట "నోరు కట్టుకోకపోతే మేమేం చేస్తాం" అని నలుగురిలో అనేసరికి ఆయన మళ్ళీ అక్కడికి పోనంటున్నాడు. ఇంట్లో మీ అమ్మతో రోజూ గొడవ, నువ్వేమో తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటా ఫోన్లో కోప్పడతా ఉన్నావు. ఆరోగ్యం మనిషి చేతిలో ఉంటుందా, లేక వంశం, ఊరు, అలవాట్లు, చేసే పని వీటన్నిటి చేతిలో ఉంటుందా అని నీ ప్రశ్న.

నేరుగా చెప్తా. కొంత ఆయన చేతిలో ఉంది. అంతకంటే ఎక్కువ ఆయన చుట్టూ ఉన్నవాళ్ళ చేతిలో, ఆయన పని టైముల్లో, ఇంట్లో పొయ్యి మీద ఉంది. కాబట్టి ఆయన్ని తిట్టి మార్చాలని చూడొద్దు, ఆయన చుట్టూ ఉన్నదాన్ని మార్చండి, ఆయన భాగం ఆయన అప్పుడు సులభంగా చేసుకుంటాడు. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు, ఇళ్ళల్లో పనిచేసింది నేను చూసింది ఇదే.

నేనెవరో కూడా చెప్పాలి కదా. ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే ప్రభుత్వ నర్సుగా చేరి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో చాలా ఏళ్ళు తిరిగినా, తర్వాత తిరుపతి చుట్టుపక్కల హెల్త్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైర్ అయినా. డాక్టర్ని కాదు, మీ నాయనకి ఏ మాత్ర ఎంత అనేది నేను చెప్పను, అది డాక్టర్ చెప్పాల్సిందే. కానీ డాక్టర్ దగ్గరికి మనిషి ఒక్కడే వస్తాడు, మేము పోయేది ఇంట్లోకి. వంటగదిలో కూర్చుంటాం, ఎవరు ముందు తింటారు, ఎవరు ఆఖర్న తింటారు, మాత్రలు ఎక్కడ దాచిపెడతారు అన్నీ కనపడతాయి.

ముందు వంశం సంగతి. అవును, ఉంది. అమ్మకో నాయనకో షుగర్ ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే నువ్వు కూడా చూపించుకో, 30 దాటితే మన విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనే బీపీ, షుగర్ ఫ్రీగా చూస్తారు. ఇంకోటి, మన దేశంలో మనుషులు చూడ్డానికి సన్నగా ఉన్నా లోపల పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ. పూణేలో డాక్టర్ యాజ్ఞిక్ గారు దీనిమీద చాలా ఏళ్ళు పనిచేసి చూపించినారు, మనవాళ్ళకి పుట్టినప్పుడే బరువు తక్కువ, కండ తక్కువ, కొవ్వు మాత్రం ఆ బరువుకి ఎక్కువ అని. అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆమెకి దొరికిన తిండి కూడా బిడ్డ పెద్దయినాక వచ్చే జబ్బులో పాలు పంచుకుంటుంది. అందుకే మన దగ్గర నడుము కొలత ముఖ్యం, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్తపడాలి. మీ నాయన సన్నగానే ఉంటాడు, అయినా ఎందుకొచ్చింది అని నువ్వు రాసినావు కదా, టేపు పెట్టి బొడ్డు దగ్గర కొలిచి చూడు.

కానీ వంశమొక్కటే అయితే, మన తాతల కాలంలోనూ ఇంతమందికి ఉండాలి కదా. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు దేశమంతా చేసిన సర్వే 2023లో వచ్చింది, దాని ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది అంచులో ఉన్నారు. ఇన్ని కోట్ల మందికి ఒక్క తరంలోనే నోటి మీద అదుపు తప్పిందని అనుకుందామా? రక్తం మారలేదు, బుద్ధి మారలేదు, చుట్టూ ఉన్నది మారింది. ఏం మారిందో మన జిల్లా వరకు చెప్తా.

మన పడమటి పల్లెల్లో పెద్దోళ్ళనెవరినైనా అడుగు, వరన్నం ఎప్పుడు తినేవాళ్ళు అని. పండక్కో, సుట్టాలొస్తేనో అంటారు. మిగతా రోజులంతా సంగటి, కొర్ర, సజ్జ, దాంట్లోకి ఊరిబిండో ఆకుకూర పప్పో. చెరువు కింద మడి ఉన్నోడింట్లోనే రోజూ అన్నం. అందుకే అన్నం అంటే కలిగినోళ్ళ తిండి అనే లెక్క మన మనసుల్లో పడిపోయింది. 1983లో ఎన్టీఆర్ గారు రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చినప్పుడు ఆకలి తీరింది, నేను దాన్ని తప్పని అనను, ఆకలితో పడుకున్న ఇళ్ళని చూసినోళ్ళెవరూ అనలేరు. కానీ దాంతోపాటే మూడు పూటలా అన్నమే అయింది, సంగటి తినేవాణ్ణి పల్లెటూరోడు అని చిన్నచూపు చూసినారు, రాగులు వేసిన చేలల్లో చెనిక్కాయలు, తర్వాత టమోటా, మామిడి వచ్చినాయి. ఇప్పుడేమో అదే సంగటి నాటుకోడి పులుసుతో హోటల్లో ఖరీదైన భోజనం. మీ నాయన వయసు వాళ్ళు ఆ మార్పు మధ్యలో పెరిగినారు, ఇష్టంగా అన్నం తినే ఆ మనిషికి "అన్నం మానెయ్" అని చెప్తే ఆయనకి వినపడేది "మళ్ళీ పేదోడివైపో" అని. ఇది తెలియకుండా ఎంత కౌన్సెలింగ్ ఇచ్చినా చెవికెక్కదు.

ఇంకో ముఖ్యమైనది, అప్పుడు అంత సంగటి తిన్నా ఎందుకు రాలేదంటే పని. ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలినారు, కలుపు తీసినారు, సంతకి నడిచిపోయినారు. ఇప్పుడు మోటారు స్విచ్ వేస్తే నీళ్ళు, ట్రాక్టర్‌తో దుక్కి, పక్క వీధికి కూడా బండి. పళ్ళెంలో కొలత అప్పటిదే, ఒంటికి పని మాత్రం ఇప్పటిది. పాల వ్యాన్ డ్రైవర్‌కి గంటలకొద్దీ కూర్చునే పని, కాకపోతే అలసట మాత్రం కూలి చేసినంత ఉంటుంది, అందుకే "నేనింత కష్టపడతా ఉంటే ఇంత తింటే ఏంది" అంటాడు, ఆయన అబద్ధం చెప్పడం లేదు.

ఇక్కడ ఒక మాట, చాలామంది సంగటి షుగర్‌కి మందు అనుకుని రెండు ముద్దలు ఎక్కువ లాగించేస్తారు. కాదు. రాగి పిండిలోనూ నూటికి 70 వంతులు దాకా పిండిపదార్థమే, బియ్యానికి దానికీ అందులో పెద్ద తేడా లేదు. పీచు ఎక్కువ, కాల్షియం చాలా ఎక్కువ, 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములు పైనే ఉంటుంది, కడుపు నిండినట్టు ఉంటుంది, అవి దాని మంచి గుణాలు. మెత్తగా జావ కాచుకుని తాగితే మాత్రం షుగర్ గబుక్కున పెరుగుతుంది. సంగటిలో నూక ఎంత వేస్తున్నారో కూడా చూసుకోవాలి, కొన్ని ఇళ్ళల్లో అది రాగి రంగున్న అన్నమే. ఒక ముద్ద, దాంతో దండిగా కూర, అంతవరకే.

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెప్తా, పుంగనూరు వైపు. ఆయనకి షుగర్ 9 పైన. భార్య ఆయన కోసం వేరేగా చపాతీలు చేసేది, మిగతావాళ్ళందరికీ అన్నం, పప్పు, ఉర్లగడ్డ వేపుడు. ఆయన ఒక మూల కూర్చుని రెండు చపాతీలు తిని లేచేవాడు, పిల్లలు ఎదురుగా అన్నంలో నెయ్యి వేసుకుని తింటా ఉంటే. ఒక నెల గడిచింది. తర్వాత తెలిసిందేందంటే మధ్యాహ్నం తమ్ముడింటికి పోయి కడుపునిండా అన్నం తినొస్తున్నాడు. ఆమె నా దగ్గర ఏడ్చింది, నేనేం తక్కువ చేసినా మేడం అని.

నేను వాళ్ళింటికి భోజనాల టైముకి పోయి ఊరికే చూస్తా కూర్చున్నా. అన్నం గిన్నెలో పెద్ద హస్తం, రెండు సార్లు తీస్తే పళ్ళెం నిండిపోతుంది. కూర గిన్నెలో చిన్న గరిటె, కొసరి కొసరి వడ్డన. ఆరుగురికి ఆ చిన్న గిన్నెడు కూరే. ఇంక ఎవరు మాత్రం అన్నం తక్కువ తింటారు, కూర ఉంటే కదా. నేనామెకి చెప్పింది ఒకటే, ఆ రెండు గరిటెలు మార్చు. అన్నం గిన్నెలో చిన్నది, కూర గిన్నెలో పెద్దది. కూర రెండింతలు చెయ్యి, ఇంట్లో అందరికీ అదే. చలికాలం కాబట్టి అనపగింజలు ఊరంతా దొరుకుతా ఉన్నాయి, వాటి తొక్క తీసి చేసే పితికిపప్పు వాళ్ళకి ఇష్టం, అది దండిగా చేసి ముందు కూర, కూరగాయ ముక్కలు కొంచెం తిన్నాక అన్నం వడ్డించమన్నా. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం తింటే తిన్నాక షుగర్ అంత ఎగదన్నదు, ఇది పరీక్షల్లో తేలిన విషయమే. వేరే చపాతీలు మానేసింది, ఆమెకి పని తగ్గింది. ఆయన అందరితో కలిసి కూర్చున్నాడు. ఆరేడు నెలలకి 7.4కి వచ్చింది. మాత్రలు కూడా మానకుండా వేసుకున్నాడు, కాబట్టి గరిటెలతోనే తగ్గిందని చెప్పను, కానీ మాత్రలు మానకుండా వేసుకోవడం కూడా ఇంట్లో గొడవ ఆగినాకే మొదలైంది.

మీ ఇంట్లో కూడా ముందు ఇదే చూడు. నీకు సెలవు దొరికినప్పుడు పోయి ఏమీ మాట్లాడకుండా రెండు రోజులు చూడు, ఏం తింటున్నాడు అని కాదు, ఏం వడ్డిస్తున్నారు, ఎప్పుడు, ఎవరి పక్కన కూర్చుని అని.

పని గురించి. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టినారు, వైట్‌హాల్ స్టడీ అంటారు, మాకు ట్రైనింగ్‌లో చెప్పినారు. అందరికీ ఉద్యోగం ఉంది, జీతం ఉంది, వైద్యం ఫ్రీ. అయినా పై ఆఫీసర్లకంటే కింది మెట్టు ఉద్యోగులు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చచ్చిపోయినారు. సిగరెట్లు, బీపీ లెక్కేసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. తర్వాత చేసిన రెండో అధ్యయనంలో తేలింది, పనిలో తన చేతిలో ఏమీ లేనివాళ్ళకి, అంటే ఎప్పుడు రావాలి, ఎప్పుడు ఆగాలి, ఎట్లా చెయ్యాలి అన్నీ ఇంకొకరు చెప్పేవాళ్ళకి గుండెజబ్బులు ఎక్కువ అని. మీ నాయన పని అచ్చం ఇదే కదా, పాల కేంద్రం టైము, చిల్లింగ్ సెంటర్ టైము, పాలు విరిగిపోతే మాట పడాల్సింది ఈయన. ఆ టైములో దొరికేది రోడ్డు పక్క టీ, బోండా. నిద్ర సగం. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుంది, షుగర్ కూడా పెరుగుతుంది.

టీ లెక్క ఒకటి చూడు. రోజుకి ఐదు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అంటే ఇంచుమించు 40 గ్రాములు. డబ్ల్యూహెచ్ఓ రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదంటుంది. కానీ ఆ టీ ఆయనకి టీ ఒక్కటే కాదు, తోటి డ్రైవర్లతో నిలబడి మాట్లాడే పది నిమిషాలు. దాన్ని మానమంటే మానడు, మానకూడదు కూడా. మీరు చెయ్యాల్సింది ఆయన రోజూ ఆగే టీ అంగడి ఏదో కనుక్కుని నువ్వే పోయి ఆ అన్నతో చెప్పు, "మా నాయనకి చక్కెర లేకుండా ఇయ్యన్నా, అడగాల్సిన పని లేకుండా" అని. అడగకుండానే వచ్చేస్తే మొహమాటం లేదు. మొహమాటంతో షుగర్ పెరిగినోళ్ళు మన ఊళ్ళల్లో చాలామంది, ఎవరింటికి పోయినా కాదనలేక తాగేస్తారు.

ఇంతవరకు మీ నాయన గురించి. కానీ మీ అమ్మ సంగతి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆమె బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ ఎప్పుడైనా చూపించినారా? నేనడిగేది ఊరికే కాదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువ అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో వచ్చింది. సగానికి పైగా ఆడవాళ్ళు ఇష్టపడి రక్తహీనత తెచ్చుకున్నారా? ఆఖర్న తినే మనిషికి గిన్నె అడుగున చారు, మెతుకులే మిగుల్తాయి. గుడ్డు మగపిల్లోడికి, చియ్య ముక్క మొగుడికి.

ఒకామె గుర్తొస్తుంది, మొదటి కాన్పు, ఇరవై ఏళ్ళ పిల్ల. హిమోగ్లోబిన్ 7.8. కడుపుతో ఉన్నోళ్ళకి 11 ఉండాలి. గర్భిణులకి ఐరన్ మాత్రలు 180 రోజులు ఇస్తాం, మా ఏఎన్ఎం ఇస్తానే ఉంది, ఆ పిల్ల తీసుకుంటానే ఉంది, రక్తం మాత్రం పెరగలా. రికార్డులో "పేషెంట్ సహకరించడం లేదు" అని రాసినారు. నేను ఇంటికి పోతే అటక మీద రేకుడబ్బాలో మాత్రలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అత్త చెప్పింది, "అవి మింగితే బిడ్డ నల్లగా పుడతాదంట, పెద్దదై కాన్పు కష్టమైతాదంట మేడం, నా కూతురికి అట్నే అయింది." ఆమెకి కోడలి మీద కక్ష ఏం లేదు, భయం. కూతురి కాన్పు కష్టాన్ని కళ్ళారా చూసిన భయం అది.

నేను కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు ఆ రోజు. అత్తని వెలుతురులోకి పిలిచి ఆమె కింది కనురెప్ప లాగి అద్దంలో చూపించినా, తర్వాత కోడలిది చూపించినా. ఒకటి ఎర్రగా, ఇంకోటి తెల్లకాగితం మాదిరి. రక్తం తక్కువుంటే కాన్పులో పోయే రక్తానికి తట్టుకోలేదమ్మా, కష్టం అక్కడ వస్తుంది అని చెప్పినా. మాత్రల షీటు అత్త చేతిలోనే పెట్టినా, రోజూ రాత్రి నువ్వే ఇయ్యి, నీ బాధ్యత అని. అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దు, ఐరన్ ఒంటికి పట్టదు, నిమ్మకాయ పిండుకుంటే పడుతుంది అని కూడా చెప్పినా. కాన్పు నాటికి 10 దాటింది. ఆ అత్తే తర్వాత వీధిలో వేరే కోడళ్ళకి మాత్రలు మింగమని చెప్పేది. చూడు, ఆ పిల్ల సొంతంగా తీసుకోగలిగిన నిర్ణయం అక్కడ ఏముంది? ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళతో మాట్లాడాలి. మీ ఇంట్లో అది ఎవరు? మీ నాయనమ్మ ఉంటే ఆమెతో మొదలుపెట్టు.

తిరుపతిలోనే ఇంకోటి చూస్తా ఉంటా. బట్టల అంగళ్ళలో పనిచేసే ఆడపిల్లలు మూత్రంలో మంట అని వస్తారు, మళ్ళీ మళ్ళీ వస్తారు. "నీళ్ళు బాగా తాగమ్మా" అని రాసి పంపుతారు. ఆ పిల్ల నీళ్ళు ఎందుకు తాగదో అడిగినోళ్ళు లేరు. నాలుగు అంతస్తులకి ఒక బాత్రూం, కస్టమర్ ఉన్నప్పుడు కదిలితే సూపర్‌వైజర్ ఊరుకోడు, అందుకే పొద్దున్నుంచే నీళ్ళు మానేస్తుంది. పొద్దుగూకులు నిలబడే ఉండాలి, కాళ్ళల్లో నరాలు ఉబ్బుతాయి. కేరళలో 2018లో, మన పక్కనే ఉన్న తమిళనాడులో 2021లో, అంగళ్ళలో పనిచేసేవాళ్ళకి కూర్చోవడానికి కుర్చీ ఇయ్యాల్సిందే అని చట్టం చేసినారు. ఒక కుర్చీ, తలుపున్న ఒక బాత్రూం, ఇవి కూడా మందులే.

టీబీ కూడా అంతే, దీని గురించి ఎక్కువ రాయను. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వందేళ్ళ కిందటే టీబీ శానటోరియం పెట్టినారు, మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, తిండి, ఇవే వైద్యం. ఇప్పుడు మంచి మందులున్నాయి. అయినా 2023లో వచ్చిన జార్ఖండ్ పరిశోధన చూడు, టీబీ పేషెంట్ ఇంట్లోవాళ్ళకి నెలనెలా అదనంగా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే కొత్తగా టీబీ వచ్చేవాళ్ళు దాదాపు 40 శాతం తగ్గినారు. ప్రభుత్వం టీబీ పేషెంట్‌కి తిండి కోసం నెలకి 1,000 రూపాయలు ఇస్తుంది, చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆచారాల దగ్గరికొస్తే, మన ఆచారాల్లో మంచీ ఉంది, జాగ్రత్తపడాల్సిందీ ఉంది. గంగమ్మ జాతరలో ఎండాకాలం అంబలి పోస్తారు, ఆ ఎండలకి తాగడానికి దానికంటే మంచిది ఏముంది. కానీ పెరటాసి నెలలో (సెప్టెంబర్-అక్టోబర్) తిరుమల శనివారాలు ఒక్కపొద్దు ఉంటారు కదా, మీ నాయన ఉంటాడా? ఉంటే జాగ్రత్తగా విను. గ్లిమిపిరైడ్ లాంటి కొన్ని మాత్రలు, ఇన్సులిన్ ఇవి వేసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, మాట తడబడటం. బండి నడిపే మనిషికి ఇది ఇంకా ప్రమాదం. స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళల్లో కలిపి తాగించండి, పావుగంటలో తేరుకోకపోతే ఇంకోసారి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. ఒక్కపొద్దు మానమని నేను చెప్పను, ముందే డాక్టర్‌ని అడిగి ఆ రోజు మాత్ర ఎట్లా వేసుకోవాలో రాయించుకోండి.

ఇంకోటి కాలినడక మొక్కు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, చెప్పుల్లేకుండా. షుగర్ చాలాకాలంగా ఉన్నోళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది, వాళ్ళకే తెలియదు. ఎండకి కాలిన బండ మీద నడిచినా కాల్తున్నట్టు తెలియదు, రాయి గుచ్చుకున్నా తెలియదు. దర్శనం చేసుకుని సంతోషంగా ఇంటికొచ్చినాక రెండ్రోజులకి దుప్పటికి రసి అంటుకుంటే అప్పుడు చూసుకుంటారు. అట్లా మొదలైన పుండుతో వేలు తీసేయించుకున్నోళ్ళున్నారు. మొక్కు తీర్చుకోండి, ఎవరు కాదంటారు. చల్లగా ఉన్నప్పుడే, తెల్లారుజామున మొదలుపెట్టండి, మందం సాక్సులు వేసుకోండి, మధ్యమధ్యలో కూర్చుని పక్కనున్నోళ్ళతో అరికాళ్ళు చూపించుకోండి. వేరే రోజుల్లో నడక అలవాటు లేనివాళ్ళు, ఛాతీలో బరువు వచ్చేవాళ్ళు ముందు గుండె చూపించుకున్నాకే ఎక్కాలి.

ఇంత చెప్పినా కదా అని మీ నాయన భాగం ఏమీ లేదని కాదు. బీడీ ఉంటే అది మానాల్సింది ఆయనే, షుగర్ మీద పొగాకు తోడైతే కాళ్ళ రక్తనాళాలు, గుండె రెండూ పోతాయి. తాగుడు అలవాటుంటే అది కూడా. మాత్రలు టైముకి వేసుకోవడం, నార్మల్ వచ్చింది కదా అని మానకపోవడం, ఎవరో ఆకు పసరు ఇస్తే దానికోసం మాత్రలు ఆపకపోవడం ఆయన చేతిలో ఉన్నవే. మన వైపు మాత్రలు అలవాటైపోతాయని ఒక భయం ఉంది, ఆ భయంతో మధ్యలో ఆపి కిడ్నీలు పోగొట్టుకుని చిత్తూరు నుంచి వేలూరుకి డయాలసిస్ కోసం తిరిగినోళ్ళు నాకు తెలుసు. మాత్రలు కిడ్నీని పాడుచేస్తాయని ఆపుతారు, పాడుచేసేది అదుపులో లేని షుగర్.

ఇప్పుడు మీ ఇంటికి నేను చెప్పేది. ఒకేసారి అన్నీ మార్చొద్దు, ఈ నెల ఇవి చాలు.

తెల్లారుజాము డబ్బా. 3 గంటలకి పోయేవాడికి రాత్రే సర్దిపెట్టండి, రెండు రాగిదోసెలు, ఊరిబిండి, ఉడకేసిన గుడ్డు, గుప్పెడు ఉడకేసిన చెనిక్కాయలు. బోండా తిన్నాడని తిట్టే బదులు ఆకలి వేసే టైముకి చేతిలో ఇంకేదో ఉండేట్టు చెయ్యండి. పొద్దున మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఈ టైము చెప్పి డాక్టర్‌ని అడగండి, చీటీలో "ఉదయం" అని రాస్తారు, ఆయన ఉదయం అందరి ఉదయం కాదు.

రాత్రి భోజనం అందరికీ ఒకటే, పళ్ళెంలో సగం కూరలు. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడక, మీ అమ్మ కూడా ఆయనతో. పల్లెలో ఆడమనిషి ఒక్కతే నడిస్తే "పనీపాటా లేదా" అంటారు, ఇద్దరూ కలిసి పోతే అనరు. డ్వాక్రా గ్రూపులో ఇంకో ఇద్దర్ని కలుపుకుంటే ఇంకా మంచిది.

డాక్టర్‌ని మార్చండి, వైద్యాన్ని మానొద్దు. నలుగురిలో అవమానించిన చోటికి పోకపోతే తప్పు లేదు. పీహెచ్‌సీకి పోవచ్చు, ఇంకో క్లినిక్‌కి పోవచ్చు. మొదటిసారి నువ్వు లీవు పెట్టి పక్కన కూర్చో. మూడు నెలలకోసారి అదే పరీక్ష, ఏడాదికోసారి కళ్ళు, కిడ్నీ, పాదాలు. 9.2 నుంచి 7 దగ్గరికి తేవడం అయ్యే పనే, మూడు నెలల్లో కాకపోతే ఆరు నెలల్లో.

ఫోన్లో "ఏం తిన్నావు" అని అడగడం ఆపేయ్. అది విన్న ప్రతిసారీ ఆయన దాచిపెట్టడం నేర్చుకుంటాడు. "నిద్ర పట్టిందా నాయనా, ఈ రోజు బండి తొందరగా దించినారా" అని అడుగు, మిగతావి ఆయనే చెప్తాడు.

గుడ్లు, పప్పు ఎంతవరకు పెట్టొచ్చు అనేది కిడ్నీని బట్టి ఉంటుంది. మొన్నటి రిపోర్టుల్లో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూసినారో లేదో నువ్వు రాయలేదు. అవి ఉంటే డాక్టర్‌కి చూపించి ఆ డబ్బా సంగతి ఖాయం చేసుకో, లేకపోతే ఈసారి పోయినప్పుడు రెండూ రాయించుకో, అట్నే మీ అమ్మ బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ కూడా అదే రోజు చూపించి, అన్నీ ఇక్కడ కింద రాయి, చూసి చెప్తా.